మూడు వారాల బాకీ

డిసెంబరు 25, గురువారం. తెల్లారుజామున నాలుగున్నర కావొస్తోంది. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం పారిశ్రామికవాడకు పోయే రోడ్డు పక్కన ఒక సందు. వరసగా ఎనిమిది తలుపులు, పైన రేకులు, చివర రెండు బాత్‌రూములు, ఒక బోరు మోటారు. లైన్ ఇండ్లంటారు వీటిని. మూడో తలుపు ముందు నిలబడండి. ఊపిరి వదిలితే పొగలా కనబడుతుంది. చలికి ఈ జిల్లాలో పెట్టింది పేరు కోహీరు. చలి ముదిరినప్పుడు తరచుగా రాష్ట్రంలో అందరికన్నా తక్కువ డిగ్రీలు అక్కడే పడ్డాయని పేపర్లో చదువుతుంటాం. ఇస్నాపూర్‌దీ అదే జిల్లా, కోహీరును తాకిన గాలే ఇక్కడికీ వస్తుంది.

లోపల లైటు వెలిగింది. గ్యాస్ పొయ్యి అంటుకున్న చప్పుడు. గిన్నె మీద గిన్నె.

"స్వెట్టర్ తొడుక్కో."

"గేటు దాకనే గద. లోపలికి తొడుక్కపోనియ్యరు."

"గేటు దాకనన్న తొడుక్కో మరి."

చలి మొదలైన రోజు నుంచీ ఈ మూడు మాటలూ ఇదే వరసలో నడుస్తున్నాయి. పటాన్‌చెరు రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేవాళ్ల దగ్గర బేరమాడి ఆమె కొన్న స్వెట్టర్ అది. ఆయన పని మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో, రియాక్టర్ల దగ్గర. సాల్వెంట్ డ్రమ్ముల మధ్య నైలాను కలిసిన స్వెట్టర్‌తో తిరిగితే ఒంటి మీద కరెంటు పుడుతుంది. చలికాలం గాలి పొడిగా ఉంటుంది కనుక అది ఎటూ పోక ఒంటినే పట్టుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే లోపల నూలు బట్టలే. రాగి తీగ క్లిప్పు తగిలించి భూమికి కలపందే డ్రమ్ము మూత తీయరు. పెళ్లయిన కొత్తలో ఒక చలి రాత్రి, చీకట్లో దుప్పటి లాగితే చిటపటమని నీలం మిణుకులు లేచాయట. ఆమెకు నవ్వొచ్చింది. ఆయన లేచి కూర్చున్నాడు. మర్నాడు నూలు దుప్పటి వచ్చింది.

స్వెట్టర్ తొడుక్కునే బయటికి వచ్చాడు. చేతిలో రెండు టిఫిన్ డబ్బాలు. ఎప్పుడూ ఒకటే ఉంటుంది. ఇవాళ డబుల్. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పదహారు గంటలు.

ఎందుకో తెలియాలంటే లోపలికొచ్చి గోడ మీద క్యాలెండరు చూడాలి. కిరాణా కొట్టువాళ్లిచ్చిన తెలుగు క్యాలెండరే. తిథులు, వర్జ్యాలు, దుర్ముహూర్తాలు అన్నీ ఉన్నాయి. వాటి మీదుగా ప్రతి గడిలో నీలం పెన్నుతో ఒక అక్షరం. ఏ అంటే పొద్దున ఆరు నుంచి రెండు. బీ అంటే రెండు నుంచి రాత్రి పది. సీ అంటే పది నుంచి తెల్లారి ఆరు. సోమవారం సోమవారం అక్షరం మారుతుంది. ఆమెకు అక్షరం లేదు, జనరల్ షిఫ్టు. అట్టపెట్టెలు చేసే యూనిట్లో తొమ్మిది నుంచి ఐదున్నర దాకా నిలబడి పెట్టెలు మడతపెట్టి టేపు వేస్తుంది. ఎనిమిదింబావుకు ఇల్లు వదులుతుంది, ఆరింబావుకు వస్తుంది. కాబట్టి ఆయన ఏలో ఉంటే సాయంత్రాలు వాళ్లవి. బీలో ఉంటే పొద్దుటి పూటలు. సీలో ఉన్న వారం ఆయన ఆరుముప్పావుకు వస్తాడు, ఎనిమిదింబావుకు ఆమె పోతుంది. ఆ గంటన్నరలోనే నీళ్లు కాచుకోవడం, వండుకోవడం, తినడం, ఇంటి కిరాయి మాట, ఊరి నుంచి వచ్చిన ఫోను మాట, అలగడం, అలక తీర్చుకోవడం. సీ వారంలో వాళ్లు అలిగిన దాఖలా తక్కువ. టైము చాలదు.

ఈ వారం ఆయనది బీ. రియాక్టర్ దగ్గర ఆయనకు రిలీవర్‌గా ఉండే అన్న ఒకడున్నాడు, రుద్రారం వైపు ఉంటాడు. ఆ అన్నది ఈ వారం ఏ. రిలీవర్ అన్న మాటకు ఇక్కడ ఉన్న బరువు బయటివాళ్లకు తెలియదు. రియాక్టర్‌లో బ్యాచ్ ఉడుకుతుంటే పండుగ వచ్చిందని ఆపలేరు. ఉష్ణోగ్రత చూసేవాడు, పుస్తకంలో గంటగంటకూ రాసేవాడు ఉండాల్సిందే. తర్వాతి మనిషి వచ్చి నిలబడితేనే ఈ మనిషికి ఇల్లు. ఆ అన్నది క్రైస్తవ కుటుంబం. క్రిస్మస్ నాడు పిల్లల్ని తీసుకుని మెదక్ చర్చికి పోవాలి. నవంబరులోనే అడిగాడు. ఈయన క్యాలెండరు ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాడు.

"అన్నా, క్రిస్మస్ గురువారం. సంక్రాంతి గూడ గురువారమే. సరిగ్గ మూడు వారాలు."

ఈ లెక్క ఏటా కుదరదు. 2026లో సంక్రాంతి జనవరి 15న పడింది కాబట్టి కుదిరింది; 14న పడితే ఒకరోజు తప్పేది. మూడు వారాలంటే ఏ, బీ, సీ మూడూ ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొస్తాయి. క్రిస్మస్ నాడు ఎవరిది ఏ షిఫ్టో సంక్రాంతి నాడూ అదే. ఇవాళ ఈయన అన్న షిఫ్టు కలుపుకుని డబుల్ చేస్తే, ఆ రోజు అన్న ఈయన షిఫ్టు కలుపుకుని డబుల్ చేస్తాడు. పదహారుకు పదహారు. షిఫ్ట్ ఇన్‌చార్జి రెండు తేదీల మీదా ఒకేసారి సంతకం పెట్టేశాడు. పంచాంగం ముందు పెట్టుకుని ఎన్ని పెళ్లి ముహూర్తాలో కుదిర్చిన పురోహితులు కూడా ఇంత శుభ్రమైన లెక్క చూసి ఉండరని నాకనిపిస్తుంది.

ఆయన బండి సందు మలుపు తిరిగింది. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది, ఫోను కొంగులో పట్టుకుని. చౌరస్తాలో ఈ పాటికి ఇడ్లీ బండ్లు పొగలు కక్కుతుంటాయి. షేర్ ఆటోల్లో మంకీ క్యాపులు కిక్కిరిసి ఉంటాయి. అరవై ఐదో నంబరు జాతీయ రహదారి మీద ట్యాంకర్లు మంచులో లైట్లు వేసుకుని ముంబై దిక్కు పోతుంటాయి. పావుగంట గడిచింది. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఎత్తలేదు. ఎత్తకూడదు. అది 'లోపలికి పోయిన' అనే మిస్డ్ కాల్. ఇంకోటి బయటికి వచ్చాక వస్తుంది. మధ్యలో ఫోను గేటు దగ్గరి లాకర్లో ఉంటుంది.

ఈ రెండు మోతల అలవాటు 2025 జూన్ 30 నుంచి మొదలైంది. ఆ సోమవారం పొద్దున పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా పోయారు. ఒడిశా నుంచీ బీహారు నుంచీ యూపీ నుంచీ వచ్చిన పిల్లలే ఎక్కువ. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఆయనది వేరే కంపెనీ. కానీ ఆ చప్పుడు విన్నప్పుడు ఎవరి కంపెనీ అన్నది ఎవరికి తెలుసు? ఆమె పెట్టెల టేపు అక్కడే పడేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆయన ఫోను లాకర్లో మోగుతూ ఉంది. ఎంతసేపటికో దొరికాడు. ఆ పూట గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడరు. ఫోను మాత్రం రోజుకు రెండుసార్లు మోగుతుంది.

క్రిస్మస్ రాత్రి పదకొండింటికి వచ్చాడు. అప్పటికి మూత గిన్నెలో అన్న వాళ్లింటి బిర్యానీ, రంగు కాగితంలో కేకు ముక్క వచ్చి ఉన్నాయి. వదిన పంపింది. పదహారు గంటల డ్యూటీ చేసిన మనిషి బిర్యానీ వేడి చేసేదాకా కూడా ఆగలేదు. గోడకానుకుని చల్లదే తిని, చేయి కడుక్కుని, క్యాలెండరు దగ్గరికి పోయి 25వ తేదీ గడిలో బీ పక్కన ఇంకో అక్షరం చేర్చాడు. ఏ. దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇగ వాళ్లు మనకు బాకీ."

ఆమె ముసుగులోంచే నవ్వింది.

ఆ ఆదివారం, 28న, మెదక్ పోయారు. బీ నుంచి సీకి మారే ఆదివారం మంచిది. శనివారం రాత్రి పదికి దిగితే మళ్లీ సోమవారం రాత్రి పదికే ఎక్కాలి. రెండు రోజులు పూర్తిగా చేతిలో ఉంటాయి. "అన్న పోయిండు, మనం గూడ చూసొద్దాం పా" అన్నది ఆమే. సంగారెడ్డిలో బస్సు మారారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, కండక్టర్ ఆమె ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టాడు. ఆయన డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాడు. "నేను గవర్నమెంటు కోడల్ని, నువ్వు కిరాయి మనిషివి" అని దారంతా ఉడికించింది. సీటు కూడా ఆమెకే దొరికింది. ఆయన రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. నిలబడే ఉద్యోగం ఆమెది, ఇవాళ వంతులు మారాయి.

చర్చి దగ్గర పండుగ మూడు రోజులు గడిచినా జనం తగ్గలేదు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, టోపీలవాళ్లు, బడి పిల్లలు, చిన్న పిల్లల తల నీలాలు తీయించినవాళ్లు. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, నూట డెబ్భై ఐదు అడుగుల గంట గోపురం. 1924 క్రిస్మస్ నాడు ప్రార్థనలకు తెరిచారు. అప్పటి కరువులో ఈ చుట్టుపక్కల ఊళ్ల జనం కూలికి వచ్చి రాళ్లు మోస్తే, ఈ చర్చి కట్టించిన పోస్నెట్ దొర వాళ్లకు తిండి పెట్టాడని మెదక్ దిక్కు ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆయన గోపురం కేసి తల ఎత్తి చాలాసేపు చూశాడు. ఎత్తు మీద పనిచేసేవాళ్లను చూసీ చూసీ అలవాటైన చూపు అది.

"గప్పుడు బెల్టు గిట్ల లేకుంట కట్టిండ్రేమో," అన్నాడు.

రంగు అద్దాల కిటికీల్లోంచి పడే ఎండ నేల మీది పలకల మీద ఎర్రగా నీలంగా పరుచుకుంది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఆ రంగులో కాసేపు నిలబడింది. బయటికొచ్చాక జామకాయలు కొన్నారు, ఉప్పూ కారం అద్ది. కోహీరు కాయలేనా అని ఆమె అడిగితే అమ్మే ఆమె కాదన్నా బాగుంటాయమ్మా అంది. బాగానే ఉన్నాయి.

అక్కడి నుంచి సీ వారం. 30న ముక్కోటి ఏకాదశి, ఆమె పక్కింటి ఒరియా పిల్లతో కలిసి గుడికి పోయి లైన్లో నిలబడి వచ్చేసరికి ఆయన డ్యూటీ దిగి వచ్చి నిద్రపోయాడు. ఆ మర్నాడు డిసెంబరు 31. లైను పిల్లలు రేకుల కింద సీరియల్ బల్బులు కట్టారు. ఎనిమిది గదులూ తలా ఇంత వేసుకుని రెండు కేకులు తెచ్చారు. తొమ్మిదిన్నరకు ఆయన బూట్లు వేసుకుంటుంటే పిల్లలు "అంకుల్, పన్నెండింటికి రావా?" అన్నారు. పన్నెండింటికి ఆయన రియాక్టర్ దగ్గర ఉంటాడు. పుస్తకంలో పన్నెండు గంటల రీడింగు రాస్తాడు; ఆ ఒక్క గడి దాటాక తేదీ కింద సంవత్సరం మార్చి రాయాలి. ఫోను లాకర్లో ఉంటుంది. పన్నెండుకు ఇస్నాపూర్ అంతా టపాసులు పేలాయి. ఆమె కేకు తిని, ఆయనకో ముక్క తీసి స్టీలు గిన్నె బోర్లించి పెట్టి, తలుపేసుకుంది. ఒక్కతే పడుకుంటే టపాసు చప్పుడుకు కూడా ఒళ్లు ఉలిక్కిపడుతుంది.

తెల్లారి ఆరుముప్పావుకు సందులో బండి ఆగింది. వాకిట్లో ఆమె ముగ్గు పోస్తోంది. గచ్చు చిన్నది, ముగ్గు పెద్దది. మధ్యలో 2026, చుట్టూ చామంతి పువ్వులు, ఒక పువ్వుకు పసుపు రంగు సరిపోలేదు. ఆయన ఎక్కడ కాలు పెట్టాలో తెలియక బండి మీదే ఆగాడు.

"పోయిన యాడాది డ్యూటీకి పోయినవ్, ఈ యాడాది ఇంటికొస్తున్నవ్," అంది తల ఎత్తకుండానే.

"ఓవర్‌టైం ఇయ్యాలె మరి. యాడాది డ్యూటీ."

కొత్త సంవత్సరం మొదటి రోజున వాళ్లకు దక్కింది ఆ గంటన్నరే. ఆమెకు సెలవు లేదు. ఎనిమిదింబావుకు తాళం చెవి ఆయన తలగడ కింద పెట్టి పోయింది.

సీ నుంచి ఏకి మారే ఆదివారం దండగ. తెల్లారి ఆరుకు దిగి మర్నాడు ఆరుకే ఎక్కాలి. మధ్యలో ఉన్నది నిద్రకే. షిఫ్టుల మనుషులు దీన్ని ఆదివారం లెక్కలో వేయరు. జనవరి 4 అట్లా పోయింది, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

వాసన గురించి మాత్రం చెప్పాలి. ఈ ప్రాంతంలో చలికాలం ఇంకో రకంగా కూడా తెలుస్తుంది. రాత్రి భూమి చల్లబడితే దాన్ని తాకిన గాలి కూడా చల్లబడి కిందే కూర్చుంటుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. గొట్టాల్లోంచి వచ్చిందేదీ పైకి లేవదు. ఇండ్ల మధ్యకే వస్తుంది. కిటికీ మూసినా సందుల్లోంచి వస్తుంది. ఆయనకు ఒక్కో వాసనా పేరు పెట్టి తెలుసు. "ఇది అసిటోన్, మీ గోర్లరంగు తుడిచే నీళ్ల వాసన. ఇది టోలీన్, పెయింటు కొట్టు లెక్క. కుళ్లిన గుడ్డు కంపొస్తె మాత్రం తలుపు బంద్ జెయ్యి, కొంగడ్డం పెట్టుకో" అని పెళ్లయిన వారానికే పాఠం చెప్పాడు. ఇప్పుడామె ఆయన్ను మించిపోయింది. ఊరికి పోతే వాళ్లమ్మ ఇంట్లో వాసన లేని గాలికి మొదటి రాత్రి నిద్ర పట్టదని చెప్పుకుని నవ్వుతుంది.

బోరు నీళ్లు బట్టలకూ బాసన్లకే. తాగడానికి మంజీర నీళ్లు, అవి రాని రోజున ఇరవై లీటర్ల డబ్బా. నక్కవాగు, ఇక్కడి చెరువుల కాలుష్యం గురించి సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు 1990 నాటిది. 2007లో అచ్చయిన పరిశోధన కోసం స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో ఫ్యాక్టరీల మురికి నీళ్లను శుద్ధిచేసి వదిలే చోట కొలిస్తే, మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ సిప్రోఫ్లాక్సాసిన్ ఆ నీళ్లలో ఉంది. ఆమెకు ఈ లెక్కలేవీ తెలియవు. బియ్యం కడిగేందుకు కూడా డబ్బా నీళ్లే వాడుతుంది. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, సకినాల బియ్యం నానబెట్టాలంటే బోలెడన్ని నీళ్లు కావాలి.

జనవరి 10, శనివారం సాయంత్రం. ఆయన తల్లి జోగిపేట దిక్కు ఊరి నుంచి వచ్చింది. సున్నా టికెట్ మీదే. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో కొత్త బియ్యం, నువ్వులు, వాము. రెండోదాంట్లో సజ్జపిండి, భోగినాటి రొట్టెలకు. సజ్జలు, జొన్నలు, కందులు, శనగల మీద ప్రపంచానికంతా పరిశోధన చేసిపెట్టే ఇక్రిశాట్ 1972 నుంచి ఇదే పటాన్‌చెరులో ఉంది. సజ్జపిండి మాత్రం జోగిపేట నుంచే రావాలి.

"గిన్ని డబ్బా నీళ్లు బియ్యానికా బిడ్డా?" అని అత్తమ్మ నోరు తెరిచింది.

"బోరు నీళ్లల్ల పోస్తె సకినాలు నువ్వే తినాలె అత్తమ్మా."

రాత్రంతా నానిన బియ్యం ఆదివారం పొద్దున వడగట్టి, తడి ఆరకముందే గిర్నీకి పట్టుకెళ్లారు. అక్కడ లైను. ఇస్నాపూర్‌లోని తెలంగాణ వాళ్లంతా ఆ ఒక్క గిర్నీ ముందే ఉన్నట్టుంది. తడిపిండి వెచ్చగా వచ్చింది. నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లతో కలిపారు. నేల మీద ఉతికిన తెల్ల బట్ట పరిచి అత్తమ్మ కూర్చుంది. మూడు వేళ్ల మధ్య పిండి పురి తిరుగుతూ జారి, చుట్టూ చుట్టుగా బట్ట మీదికి దిగుతుంది. ఒక చుట్టు, దాని వెంట రెండో చుట్టు, మూడోది. తెగదు. కోడలిది రెండో చుట్టులోనే తెగుతుంది.

"పెట్టెలు మడిచే చెయ్యి గద," అంది కోడలు ఉడుక్కుని.

"పెట్టెకు మూలలుంటయి బిడ్డా. దీనికి మూల లేదు. ఆగద్దు, చెయ్యి పోనియ్యి."

ఏ నుంచి బీకి మారే ఆదివారం కూడా మంచిదే, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కాల్చే పని ఆయనకిచ్చారు. నూనె కాగిందా లేదా అని పిండి చిటికెడు వేసి చూడబోతే, "ఉష్ణోగ్రత రాయవా పుస్తకంల?" అని పెళ్లాం. పళ్లెం అంచుతో సకినాన్ని విరగకుండా లేపి నూనెలోకి జార్చడం రియాక్టర్‌లో చార్జింగు కన్నా కష్టమని ఆయన ఒప్పుకున్నాడు. మొదటి ఐదు విరిగాయి. లైన్లో పిల్లలు ఆ విరిగినవాటి కోసమే గుమ్మం దగ్గర చేరారు. పక్కింటి ఒరియా పిల్ల వచ్చి పీట వేసుకుని కూర్చుంది, ఒకటి చుట్టి చూస్తానని. దానిదీ తెగింది. ఆ రోజు ఆ సందులో నూనె వాసన, వేగిన నువ్వుల వాసన నిండిపోయాయి. సాయంత్రానికి గాలి మళ్లీ కిందికి దిగి రోజూ వచ్చే ఘాటు మొదలైనా, కాసేపటి వరకు ఎవరికీ తెలియలేదు.

అత్తమ్మ సోమవారం పొద్దున బస్సెక్కింది. "పండుగకు ఊరికి రాండ్రి" అని మూడుసార్లు అంది. వాళ్లు లెక్క వేసుకున్నారు. బుధవారం భోగి, రాత్రి పదికి దిగితే శుక్రవారం రెండింటికి ఎక్కాలి. నలభై గంటలు. అందులో ఆమెకు ఉన్నది గురువారం ఒక్కటే, శుక్రవారం పొద్దున తొమ్మిదికి పెట్టెల దగ్గర ఉండాలి. రానూ పోనూ బండి మీద మూడు గంటలు, చలిలో. పోతే చుట్టాలు, పలకరింపులు. వద్దనుకున్నారు. వద్దనుకున్న మాట తల్లికి ఎట్లా చెప్పాలో తేలక బుధవారం దాకా చెప్పలేదు. చెప్పినప్పుడు ముసలామె, "మీ ఇద్దరికి జర నిద్రన్న దొరుకుతది తియ్యి" అంది. అందుకు కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది, అలగకపోయినందుకు.

జనవరి 15, గురువారం. మళ్లీ అదే గుమ్మం. ఈసారి ఏడున్నర దాకా తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక కూడా ఎవరూ పరుగెత్తలేదు. ఆమె వాకిలి కడిగి రథం ముగ్గు వేసింది. ఆయన రంగు డబ్బాలు పట్టుకుని వెంట వంగి నడిచాడు, చెప్పిన గడిలో చెప్పిన రంగు పోశాడు, రెండుచోట్ల తప్పు పోశాడు. ఆవుపేడ ఎక్కడ దొరుకుతుంది? చౌరస్తా దగ్గర ఒకామె గొబ్బెమ్మలు చేసి అమ్ముతోంది, గరక పోచ, రేగుపండ్లు, నవధాన్యాలతో సహా. ముగ్గు మధ్యలో పెట్టి, పక్కన చిన్న గురిగిలో పాలు పొంగించింది. పాలు తూర్పుకు పొంగాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లైన్లో ప్రతి తలుపు దగ్గరా ఏదో ఒకటి ఉడుకుతోంది. ఐదో తలుపు బీహారు వాళ్లు అటుకుల్లో పెరుగూ బెల్లం కలుపుతున్నారు. వాళ్లకు ఈ పండుగ అదే. యూపీ పిల్లలు నలుగురు కుక్కర్లో కిచిడీ పెట్టారు. పండుగనే ఖిచిడీ అంటారు వాళ్లు. పక్కింటి ఒరియా పిల్ల నానిన బియ్యం, కొబ్బరి, అరటిపండు, బెల్లం కలిపిన 'మకర చావుల'ను గిన్నెతో తెచ్చింది. ఆమె గిన్నె ఖాళీగా పంపకూడదని సకినాలు నింపి ఇచ్చింది. మూడు గదుల పిల్లలు మిద్దె ఇంటాయన్ని బతిమాలి మిద్దెక్కి గాలిపటాలు ఎగరేస్తున్నారు. హైటెన్షన్ తీగల దిక్కు పోనియ్యకండని కింద నుంచి ఆయన అరుస్తున్నాడు. ఎవరూ వినడం లేదు.

మధ్యాహ్నం రెండయింది. ఆయన గోడ గడియారం చూశాడు. అలవాటు కొద్దీ చూశాడు, చూసి కూర్చున్నాడు. రోజూ ఈ వేళకు బూట్లలో ఉండే కాళ్లు. అన్న ఇప్పుడు ఏ షిఫ్టు రీడింగు రాసి, రెండో డబ్బా తెరవకుండా పక్కన పెట్టి, మళ్లీ అదే కుర్చీలో కూర్చుని ఉంటాడు. భోజనంలో నువ్వులు, సజ్జ రొట్టె, చిక్కుడుకాయ కూర, నాటుకోడి. తిని చాప మీద ఇద్దరూ పడుకున్నారు. ఎండ గుమ్మంలోంచి వచ్చి కాళ్ల మీద పడుతోంది. ఆమె ఏదో చెబుతోంది, ఆయన ఊకొడుతున్నాడు, ఊ మధ్యలో గురక. లేపలేదు. సాయంత్రం లేచి బీరంగూడ గుట్టకు పోదామనుకున్నారు. లేచేసరికి చీకటి పడింది. పోలేదు. చాయ్ తాగారు. సకినాల డబ్బా ఒకటి అన్న వాళ్లింటికని వేరుగా కట్టి పెట్టింది, విరగనివి ఏరి. వదినకు పసుపు కుంకుమ పొట్లం కూడా అందులోనే.

తొమ్మిదిన్నర నుంచి ఇద్దరూ మాట తగ్గించారు. టీవీ నడుస్తోంది, ఎవరూ చూడడం లేదు. ఫోను ఇద్దరి మధ్యా చాప మీద ఉంది. ఆమె లేచి క్యాలెండరు దగ్గరికి పోయి 15వ తేదీ గడి ముందు నిలబడింది, పెన్ను మూత తీయలేదు. పది. పది ఐదు. బయట గాలి కిందికి దిగింది. ఆయన ముక్కు ఎగబీల్చి ఏదో పేరు చెప్పబోయి ఊరుకున్నాడు. పది పన్నెండు.

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"బయట వడ్డడు," అందామె. పెన్ను మూత తీసి గడిలో సున్నా చుట్టింది. "ఇగ పండు."